క్యారేజీలో బెండకాయ వేపుడు

ఇది మహాకావ్యం. ముందే చెబుతున్నాను, కాస్త సర్దుకుని కూర్చోండి. ఇందులో ఒక వీరుడు అన్నం మానేస్తాడు. ఒక స్త్రీ శపథం చేస్తుంది. వీరుడి పాత సహచరుడు నడిబజారులో ఒక రహస్యం బయటపెడతాడు. ఆ రహస్యాన్ని కడుపులో దాచుకోలేక ఒక యువకుడు అల్లాడిపోతాడు. చివరికి నిండు సభలో నిజం బద్దలవుతుంది.

కాదులెండి. గాజువాకలో లిఫ్టు లేని ఒక అపార్టుమెంటు, మూడో అంతస్తు, ఒక మంగళవారం రాత్రి మా ఇంట్లో ఏం కూర అన్న విషయం ఇది. వీరుడు మా నాన్న. శపథం మా అమ్మది. అల్లాడిపోయిన యువకుణ్ణి నేను, చేతిలో బెండకాయల సంచి. నిండు సభ అంటే మేం ముగ్గురం. భోజనాల బల్లకి నాలుగు కుర్చీలున్నాయి కానీ నాలుగోదాని మీద ఎప్పుడూ మడత పెట్టని బట్టలుంటాయి.

మా నాన్న ఉక్కు ప్లాంటులో క్రేను నడిపేవాడు. ఉద్యోగం మొత్తం షిఫ్టుల్లోనే గడిచింది. ఒక వారం తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నం వచ్చే ఏ షిఫ్టు. ఇంకో వారం మధ్యాహ్నం వెళ్ళి రాత్రి వచ్చే బి షిఫ్టు. ఆ తర్వాతి వారం రాత్రంతా సి షిఫ్టు. మా ఇంట్లో రోజులకి పేర్లుండేవి కావు, వారాలకే ఉండేవి. "ఇది సి వారం" అంటే పగలు ఇంట్లో ఎవరూ దగ్గకూడదని అర్థం. నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు గట్టిగా నవ్వాలంటే ఏ వారమో చూసుకుని నవ్వేవాణ్ణి.

అందువల్ల రాత్రి భోజనం అనేది మా ఇంట్లో ఒక కచ్చితమైన వస్తువు కాదు. బి, సి వారాల్లో అది క్యారేజీలో ఎక్కి ప్లాంటు బస్సులో వెళ్ళిపోయేది. ఏ షిఫ్టు వారంలో మాత్రం నాన్న ఇంట్లో తినేవాడు, కానీ చీకటుండగా లేచిన మనిషి కాబట్టి సగం కంచం దగ్గరే కళ్ళు మూసుకుపోయేవి. మిగిలిన సగం నిద్ర వల్ల మిగిలిందని అమ్మ లెక్క. ఆ లెక్కని ఎవరూ సరిచూడలేదు.

క్యారేజీకి ఒక చట్టం ఉండేది. అడుగు గిన్నెలో అన్నం, మధ్యలో కూర, పైన పెరుగన్నం. పులుసు నిషిద్ధం. నేను పుట్టకముందు ఒకసారి చింతపండు పులుసు బస్సులో ఒలికి పక్కాయన తెల్ల ప్యాంటు మీద పడిందట. ఆ ప్యాంటు ఎవరిదో ఇప్పటికీ మా ఇంట్లో పేరు పెట్టి చెబుతారు. ఆ రోజు నుంచి వేపుళ్ళు క్యారేజీకి, పులుసులు ఇంటికి. వేపుళ్ళన్నిట్లోకీ పట్టపురాణి బెండకాయ వేపుడు. అమ్మ బెండకాయల్ని కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, ఒక్కొక్కటే తుడిచి, జిగురు రాకుండా సన్నగా తరిగి, పల్లీలు, వెల్లుల్లి కారం వేసి వేయించేది. అది వెళ్ళిన రోజు క్యారేజీ కడిగినట్టు తిరిగొచ్చేది. "ఎలాగుంది?" అని అమ్మ అడిగేది. "అదిరిపోయింది" అని నాన్న బూట్లు విప్పుకుంటూ చెప్పేవాడు. నాకు తెలిసి మా నాన్న ఇంకే విషయంలోనూ ఆ మాట వాడలేదు. నేను ఇంజనీరింగు పాసైనప్పుడు కూడా "సర్లే" అన్నాడు.

అలాంటి నాన్న రిటైరయ్యాడు. శాలువా కప్పి, దండ వేసి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపారు. ఇకనుంచి టైముకి తినమని కాబోలు. ఆయన అసలు తినడమే మానేశాడు.

మానేశాడంటే, పొద్దున్న ఇడ్లీ తినేవాడు. మధ్యాహ్నం ఏదో కతికేవాడు. రాత్రి కంచం ముందు కూర్చుంటే మాత్రం అన్నాన్ని కంచంలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మార్చి లేచిపోయేవాడు. జీవితమంతా బరువులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చిన మనిషి కదా. మొదట్లో నేను ఆ జోకు వేశాను, అమ్మ కూడా నవ్వింది. తర్వాత నాన్న బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకోవడం చూశాక అమ్మ నవ్వడం మానేసింది. నేను జోకు మానలేదు, కొంచెం నెమ్మదిగా వేశాను.

రక్తపరీక్షలు, స్కానింగు చేయించాం. అన్నీ బాగున్నాయి. కాగితం ప్రకారం మా ఇంట్లో అందరికంటే ఆరోగ్యవంతుడు నాన్నే. డాక్టరు మాత్రం, ఆకలి ఇలాగే ఉంటే ఒకసారి నోట్లోంచి గొట్టం వేసి లోపల చూద్దామన్నాడు. మా నాన్న ఎర్రగా కాలే ఇనప దిమ్మెల మీదుగా కొక్కేలు తిప్పిన మనిషి. గొట్టం మాట వినగానే ఆయన మొహం పెరట్లో పామును చూసినట్టు అయింది.

ఇక ఇంట్లో స్థిమితం లేదు. నాన్న హాల్లో బాల్కనీ నుంచి వీధి గుమ్మం దాకా, గుమ్మం నుంచి బాల్కనీ దాకా తిరిగేవాడు, ఆ చివరా ఈ చివరా ఆగి, అచ్చం పట్టాల మీద క్రేనులాగ. మధ్యలో మన కుర్చీ ఉంటే కుర్చీ జరపాలి. ఆయన మాత్రం దారి మార్చడు. అమ్మ ఆయన వెనకాల ఒక్కో కూర పేరు చెబుతూ తిరిగేది. రిటైరైన తొలివారంలో ఒక రోజు అమ్మ అలవాటు కొద్దీ మధ్యాహ్నం క్యారేజీ కట్టేసింది, నాన్న అలవాటు కొద్దీ అందుకుని మెట్లు దిగేశాడు. కింద గేటు దగ్గర వాచ్‌మన్ "ఏటి సార్, మళ్ళీ జాయినైపోనారా?" అన్నాక గానీ ఆయనకి గుర్తు రాలేదు. మూడంతస్తులు ఎక్కి వచ్చి క్యారేజీ బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. అమ్మ మూతలు తీసి అన్నీ మళ్ళీ గిన్నెల్లోకి సర్దింది. ఆ రోజు ఎవరూ జోకు వేయలేదు. నాకొకటి తట్టింది కానీ మింగేశాను.

ఆ మంగళవారం పొద్దున్న అమ్మ శపథం చేసింది. నేను బూట్లు వేసుకుంటున్నాను. నాన్న గుమ్మం చివర ఆగి ఉన్నాడు.

"ఇదిగో, ఇద్దరూ ఇనండి. ఈ రాత్రికి నీకు ఇట్టమైన కూరొండుతాను. కంచం ఖాళీ అవ్వాల. నేకపోతే రేపు పొద్దున్నే ఆస్పటల్కి. ఈడు ఫోన్లో టైము కూడా తీసీసినాడు."

నేను తీయలేదు. తీశానన్నట్టు తలూపాను. నాన్న నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"నాకే జబ్బూ నేదు" అన్నాడు.

"నేదని గొట్టం సెప్తాది" అంది అమ్మ.

నేను పరవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. మాత్రని నీళ్ళలో వేసి అది కరగడానికి ఎంతసేపు పడుతుందో చూడటం నా ఉద్యోగం. పగలంతా కరిగేవాటిని చూస్తూ కూర్చుంటాను కాబట్టి సాయంత్రం కూర్చోవడమంటే విరక్తి. కంపెనీ బస్సులో కూడా దిగాల్సిన చోటుకి చాలా ముందే లేచి నిలబడతాను. ఆ రోజు అలా నిలబడి ఊగుతుండగా అమ్మ ఫోను.

"ఎక్కడున్నావురా?"

"బస్సులో."

"దిగీసి బెండకాయలు అట్టుకురా. లేతవి. మొన్న తెచ్చినావు గదా, అయ్యి బెండకాయలా, పందిరి గుంజలా?"

"ఎన్ని తేవాల?"

"మీ నాన తినీన్ని" అంది. ఆ కొలత ప్రకారం అయితే ఒక్కటి కూడా ఎక్కువే. ఆ మాట పైకి అనకుండా ఫోను పెట్టేశాను.

గాజువాక మార్కెట్లో బెండకాయల గుట్ట ముందు నిలబడి, ఒక్కొక్కదాని కొస విరిచి చూస్తున్నాను. విరిగితే లేత, వంగితే ముదురు. నాకు తెలిసిన వ్యవసాయశాస్త్రం మొత్తం ఇంతే. అమ్మే ఆవిడ నన్ను చంపేసేలా చూస్తోంది. వెనక నుంచి ఎవరో భుజం మీద చరిచారు.

"ఏరా అల్లుడూ, బెండకాయల మీద నీకు పగేటి?"

నాన్నతోపాటు ఒకే షిఫ్టులో పనిచేసిన ఆయన. నాన్నని బావా అంటాడు, నన్ను అల్లుడూ అంటాడు, పిల్లనివ్వడానికి మాత్రం ఆయనకి కూతుళ్ళు లేరు. ఇంకా సర్వీసు ఉంది, నాన్న కంటే చిన్నవాడు.

"అమ్మ తెమ్మంది మావా. ఏపుడు సేత్తాదట."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. బజారు మధ్యలో, ఒక చేత్తో ఉల్లిపాయల సంచి పట్టుకుని.

"మీ అమ్మ బెండకాయేపుడా! ఒరే, ఆ పేరెత్తకు. మీ నాన ఎల్లిపోనాక మాకు ఆ ఏపుడూ పోయింది. ఆ డబ్బా మూత తీత్తే సాలు, నలుగురం మీద పడిపోయీవోలం."

"నలుగురా? నాన్నది గదా క్యారేజీ?"

"మీ నాన బెండకాయెక్కడ తింతాడురా?" అని పెద్దగా నవ్వాడు. "జిగురని ఆడికి అసయ్యం. ఒక్క ముక్క ముట్టీవోడు కాదు. మూత తీసి మా ముందుకి తోసీవోడు."

నా చేతిలో విరిచిన బెండకాయ అలాగే ఉండిపోయింది. అమ్మే ఆవిడ "అది కూడా తూకంలో ఎయ్యు" అంది.

"మరి ఇంటికొచ్చి అదిరిపోయిందని సెప్పీవోడే!"

"అదా? అది నా మాటరా" అన్నాడు ఆయన, గర్వంగా. "తిన్నాక నాను అనీవోడిని, బావా అదిరిపోయింది, సెల్లికి సెప్పు అని. సెప్పమన్నది సెప్పినాడు. మాట నిలబెట్టుకునీ మనిషి మీ నాన."

ప్లాంటులో అందరికీ తెలిసిన పద్ధతేనట అది. క్యారేజీలన్నీ ఒక చోట పెట్టి, మూతలు తీసి, ఎవరికి నచ్చింది వాళ్ళు తినడం. ఎవరి ఇంటి కూర ఎవరి నోట్లోకి వెళ్ళిందో ఇంట్లో వండినవాళ్ళకి తెలిసే దారి లేదు. ఖాళీ గిన్నె ఒక్కటే ఇంటికొచ్చి అందరి తరఫునా మాట్లాడేది.

"సిక్కిపోనాడటగా బావ. ఏటయింది? తింతన్నాడా?" అని అడిగాడు వెళ్ళబోతూ.

"ఈ రాత్రికి తేల్తాది" అన్నాను.

అక్కడి నుంచి మా ఇంటికి పెద్ద దూరం లేదు. నేను చాలాసేపు నడిచాను. ఒక సందు ఎక్కువ తిరిగాను. సంచి కాలవలో పడేసి, జారిపోయిందని చెబితే? బెండకాయలు దొరకలేదంటే? అమ్మకి చెప్పేస్తే, ఆవిడ ఆఖరి పాచిక వేయకముందే ఓడిపోతుంది. చెప్పకపోతే నాన్న రాత్రికి కంచం ముందు ఓడిపోయి, పొద్దున్న గొట్టం ముందు కూర్చుంటాడు. ఒక అర కేజీ కూరగాయలు ఒక మనిషి మీద ఇంత బరువు పెట్టకూడదు.

ఇంటికొచ్చి సంచి ఇస్తూ, "ముదురుగా ఉన్నాయమ్మా, పప్పుచారు పెట్టేయ్" అన్నాను.

అమ్మ ఒకటి తీసి కొస విరిచింది. టప్‌మంది. ఇంకోటి విరిచింది. అదీ టప్‌మంది.

"పుట్టి బుద్దెరిగినాక ఇప్పుడే సరిగ్గా తెచ్చినావు" అంది మురిసిపోతూ.

జీవితంలో మొదటిసారి లేత బెండకాయలు తెచ్చాను. దానికి ఈ రోజే దొరికింది.

వంటింట్లో కత్తిపీట చప్పుడు మొదలైంది. హాల్లో క్రేను తిరుగుతోంది. నేను మధ్యలో, ఎటూ కూర్చోలేక, నీళ్ళ సీసాలు నింపుతూ, నింపినవాటినే మళ్ళీ నింపుతూ ఉన్నాను. అప్పుడు అమ్మ ఫోను టింగుమంది. మా అపార్టుమెంటు ఆడవాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నీళ్ళ మోటారు గురించి పెట్టుకున్నారు. ఇప్పుడు అందులో మోటారు గురించి ఎవరూ మాట్లాడరు. రోజూ దీపాలు పెట్టే వేళకి ఎదురింటి ఆవిడ ఒక గొంతు సందేశం పంపుతుంది, ఆ తర్వాత ఒక్కొక్కరూ మొదలుపెడతారు. ఎదురింటి ఆవిడది గోదావరి జిల్లా. ఆవిడ పులుసులో కూడా బెల్లం వేస్తుందని అమ్మకి ఆవిడ మీద ఒక శాశ్వతమైన అనుమానం.

"ఆయ్, అందరికీ నమస్కారవండీ. రాత్రికి ఏం చేత్తన్నారండీ? మా ఇంట్లో ఆనపకాయ పులుసండి."

"బెల్లం ఎంతేసిందో అడగరా" అంది అమ్మ లోపల్నుంచి.

తర్వాత వరసగా వచ్చాయి. ఒకరింట్లో చపాతీలు, బంగాళదుంప కూర. ఒకరింట్లో పొద్దుటి సాంబారు, కానీ ఆవిడ "ఫ్రెష్‌గా సాంబార్" అని రాసింది. రెండో అంతస్తులో "సేపల పులుసెట్టినానమ్మా, మంగళారం అని మాయాయన ఒకటే గోల, నాను ఇన్నేదు." ఒకావిడ వండిన పళ్ళెం ఫొటో పెట్టింది, వెనకాల ఎవరిదో లుంగీ కాలు పడింది.

"మనది కూడా ఎట్టు" అంది అమ్మ. "బెండకాయేపుడు అను. మావారికి ప్రాణం అని కూడా ఎట్టు."

"ప్రాణం ఎందుకులే అమ్మా."

"ఎట్టమన్నాను గదా."

పెట్టాను. 'బెండకాయ వేపుడు, మావారికి ప్రాణం.' కింద అయిదారు బొటనవేళ్ళు లేచాయి, ఒక గులాబీ పువ్వు వచ్చింది. ఒక అబద్ధానికి మొత్తం అపార్టుమెంటు సాక్షి సంతకం పెట్టింది. బాల్కనీ చివర ఆగిన నాన్న, వేపుడు వాసన వైపు ఒకసారి చూసి, రెయిలింగు పట్టుకుని రోడ్డు మీద బస్సులు చూడటం మొదలుపెట్టాడు.

ఎనిమిదింటికి కూర్చున్నాం. అమ్మ కంచంలో వేడన్నం పెట్టి, పక్కన వేపుడు కొండలా పోసింది. పల్లీలు మెరుస్తున్నాయి. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. నా కంచంలో తక్కువ వేసింది, ప్రాణం ఆయనది కదా.

నాన్న ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నా ఉద్యోగంలో ఒక రకం మాత్రలుంటాయి, ఎంతసేపు చూసినా కరగవు. నాన్న మొహం చూస్తే అవి గుర్తొచ్చాయి. అమ్మ నిలబడే చూస్తోంది.

"ఎలాగుంది?"

నాన్న నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. "అదిరిపోయింది" అన్నాడు.

ఇంకో ముక్క తీసుకున్నాడు. నీళ్ళు తాగాడు. ఇంకో ముక్క. మళ్ళీ నీళ్ళు. గొట్టం తప్పించుకోవడానికి ఆ మనిషి ఒక్కొక్క ముక్కే మోస్తున్నాడు. నాలుగో ముక్క గొంతు దిగలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను తట్టుకోలేకపోయాను.

"అమ్మా, ఆపమను. నాన్నకి బెండకాయ పడదట. ప్లాంటులో కూడా తినీవోడు కాదట."

కింద అంతస్తులో ఎవరిదో కుక్కరు కూత వేసింది.

"ఎవుడు సెప్పినాడు?" అన్నాడు నాన్న. అక్కడితో నేరం ఒప్పుకున్నట్టే అయింది.

నేను మార్కెట్లో కనిపించిన ఆయన పేరు చెప్పాను. నాన్న "ఆడి నోరు" అని గొణిగాడు. అమ్మ బట్టలున్న కుర్చీ మీదే కూర్చుండిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి క్యారేజీ ఖాళీగా వొచ్చీది?"

"మా షిఫ్టోలు నలుగురూ తినీసీవోరు గదే."

"గుడ్డ మీద ఆరబెట్టి, ఒక్కోటీ తుడిసి, సేతులు కాల్సుకుని... ఆ నలుగురు మగోల కోసం వొండినానా నాను ఇన్నాల్లూ? ఆలకి పెల్లాలు నేరా?"

"ఉన్నారు. ఆలు ఒండిందే నాను తిన్నాను" అన్నాడు నాన్న. ఆయన ఉద్దేశం సమాధానపరచడమే. కొందరు మంట మీద నీళ్ళనుకుని కిరసనాయిలు పోస్తారు.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఏదో గిన్నె ఠంగుమని పెట్టింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఇప్పుడు ఇంట్లో రెండో క్రేను తిరుగుతోంది. నేను నా కంచం ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ గొంతు తగ్గింది.

"ఒక్కటి సెప్పు. ఇన్నేల్లలో నా సేత్తో సేసింది నువ్వు ఏటి తిన్నావు? ఒక్కటుంటే సెప్పు సాలు."

నాన్న ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. ఇక్కడ ఆయన ఏదో ఒకటి వెంటనే చెప్పేయాల్సింది. పప్పు అన్నా సరిపోయేది. అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. నాకు ఆ క్షణంలో గొట్టం గురించి భయం పోయింది. నాన్న దగ్గర జవాబు లేకపోతే ఎలా అన్న భయం పట్టుకుంది.

"పెరుగన్నం" అన్నాడు.

"ఏటీ?"

"పై గిన్నెలో ఎట్టీదానివి గదా, పెరుగన్నం. అది మాత్రం నాను ఎవుడికీ ఎట్టీవోడిని కాదు. ముందు అదే తినీవోడిని. అది పడితేనే నాకు ఆకలి లేసీది."

అమ్మ మొహంలో ఏదో సడలింది. అక్కడితో ఆపితే ఎంత బాగుండేది. మా నాన్న ఆపడు.

"ఎట్టినా ఎవుడూ తినీవోడు కాదులే. అన్నం సల్లారకుండా క్యారేజీలన్నీ వేడి గోడ వార ఎట్టీవోలం. కూరలకి బాగుండీది. పెరుగన్నం మాత్రం పులిసిపోయి ముక్కులదిరిపోయీవి."

"పులిసిపోయిందని ఒక్కనాడైనా సెప్పినావా?"

"సెప్తే నువ్వు పాలు ఎక్కువ పోసి కలిపీదానివి. నాకు ఆ పులుపే కావాల. ఇప్పుడు నువ్వెట్టీ పెరుగు పాలనాగుంటాది. తింతుంటే ఎవులింటికో సుట్టంగా ఎల్లినట్టుంటాది."

ఇంత పొడుగు వాక్యం మా నాన్న నోట నేను వినడం అదే మొదలు. ఇన్ని రోజులుగా రక్తంలోనూ, స్కానింగులోనూ వెతుకుతున్నది ఇదన్నమాట. డాక్టరు గొట్టం వేసినా దొరికేది కాదు.

అమ్మ ఫ్రిజ్ తెరిచింది. పొద్దున్న తోడుపెట్టిన పెరుగు, కత్తితో కోస్తే ముక్క వచ్చేలా, తియ్యగా ఉంది. వేలితో రుచి చూసి, ఆవిడ జీవితంలో మొదటిసారి మంచి పెరుగుని తిట్టింది. ఆ తర్వాత బల్ల మీదున్న తన ఫోను లాక్కుంది.

"ఇందులో మాటాడితే అందరికీ ఎల్తాదా?"

"ఎల్తాది. ఇది నొక్కి పట్టుకో."

ఆ గ్రూపులో అమ్మ గొంతు అంతవరకూ ఎవరూ వినలేదు. ఎప్పుడూ నా చేతే రాయించేది. ఇప్పుడు బటన్ నొక్కి, గోడ అవతలికి కూడా నేరుగా వినపడేలా అరిచింది. "ఎవులింట్లోనైనా పులిసిపోయిన పెరుగుందా? బాగా పులిసింది గావాల. ఉంటే సెప్పండి, మావోడొచ్చి అట్టుకెల్తాడు."

ఫోను నిశ్శబ్దమైపోయింది. మోటారు కాలిపోయిన రోజు కూడా ఆ గ్రూపు అంత మౌనంగా లేదు. తర్వాత మెల్లగా మొదలైంది.

"మాది ఈ రోజే తోడేశాం అండి."

"మా ఇంట్లో పెరుగు పులవదండి, ఫ్రిజ్ కొత్తది."

"మేం ప్యాకెట్ వాడతాం, చాలా ఫ్రెష్."

"పులిసిందా? అబ్బే, మాయింట్లో పెరుగు మిగిల్తే గదా పులవడానికి."

ఎంత పెద్ద అపార్టుమెంటు! ఒక్క ఇంట్లో పుల్ల పెరుగు లేదు. అందరూ రోజూ తాజా పెరుగే తింటారు. ఫ్రిజ్‌లో వెనక అరలో మూత పెట్టిన గిన్నె ఏ ఇంట్లోనూ ఉండదు. ఇంత శుభ్రమైన ఆడవాళ్ళ మధ్య బతుకుతున్నామని నాకు అప్పటిదాకా తెలీదు. నాన్న కంచం ముందు అలాగే కూర్చున్నాడు. లేవలేదు. అది మాత్రం నేను గమనించాను. రోజూ ఈపాటికి లేచి బాల్కనీ వైపు వెళ్ళిపోయేవాడు.

బెల్లు మోగింది. తలుపు తీస్తే ఎదురింటి ఆవిడ. కొంగు కింద ఏదో దాచి, మెట్ల వైపు ఇటూ అటూ చూసి, దొంగ సరుకు తెచ్చినట్టు లోపలికొచ్చింది.

"వదినగారూ, ఇదిగోండి. గురువారంది. మజ్జిగ పులుసుకని ఉంచానండి. గ్రూపులో మాత్రం చెప్పకండేం. మొన్నే నేను పులిసిన పెరుగు ఇంట్లో ఉంచుకోకూడదని అందరికీ చెప్పానండి."

అమ్మ గిన్నె మూత తీసింది. ఆ వాసనకి నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నాన్న ఒక అడుగు ముందుకి వంగాడు.

"బెల్లమేటైనా ఏసినావా ఇందులో?" అంది అమ్మ. అలవాటు పోదు.

"అయ్యో, పెరుగులో బెల్లవేంటండీ!" అంది ఆవిడ నొచ్చుకుని. అయినా వెళ్ళలేదు. తినేది చూడాలని గోడ వార నిలబడింది.

అమ్మ ఆయన కంచంలోని వేపుడంతా గిన్నెలోకి తీసేసి, అన్నం మీద ఆ పెరుగు పోసి, ఉప్పు వేసి, చేత్తో మెత్తగా కలిపింది. పచ్చిమిరపకాయ ఒకటి పక్కన పెట్టింది. నాన్న మొదటి ముద్ద తిన్నాడు. అమ్మ "ఎలాగుంది?" అని అడగలేదు. రెండో ముద్ద, మూడో ముద్ద. మిరపకాయ కొరికాడు. కంచం అడుగు కనపడింది. వేలితో గీసుకున్నాడు. తర్వాత కంచం ముందుకి జరిపి, "కొంచెం అన్నం ఎట్టు" అన్నాడు. కూర ఏదైనా ఉందా అని కూడా అడిగాడు. బెండకాయ గిన్నె ఆయన ముందే ఉంది. ఆయన చూపు దాన్ని గౌరవంగా దాటి, మధ్యాహ్నం మిగిలిన టమాటా పచ్చడి మీద ఆగింది.

ఎదురింటి ఆవిడ "ఆయ్, తినేశారండీ" అని నాతో రహస్యంగా అంది, ఆయన ఎదురుగానే.

అమ్మ అప్పుడు కూర్చుంది. బట్టలు నేల మీద పెట్టి, బెండకాయ వేపుడు గిన్నె తన వైపు లాక్కుని, గిన్నెలోనే అన్నం వేసుకుని కలుపుకుంది. ఎప్పుడూ క్యారేజీకే సరిపోయేది కాబట్టి, ఆవిడ అడుగున మాడిన నాలుగు ముక్కలు తప్ప కడుపునిండా ఆ వేపుడు తిన్నది లేదు. నెమ్మదిగా నమిలింది. పల్లీలు ఒక్కొక్కటి ఏరుకుని తింది.

"ఆల తప్పేటీ నేదు" అంది చివరికి. "నిజంగానే అదిరిపోయింది."

నాన్న తలొంచుకుని నవ్వాడు. కంచంలో వేసిన ఆ కాస్త తప్ప నాకు వేపుడు మిగల్లేదు. నేను ఆ రాత్రి ఎదురింటి ఆవిడ తెచ్చిపెట్టిన ఆనపకాయ పులుసు తిన్నాను, అందులో బెల్లం ఉంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళలేదు. పెరుగన్నం మధ్యాహ్నం పన్నెండింటికి కలిపి, మూత పెట్టి, ఫ్రిజ్ లోపల కాకుండా ఫ్రిజ్ పైన పెడితే రాత్రి ఎనిమిదికి సరిగ్గా పులుస్తుంది. వానాకాలంలో పది గంటలకే కలపాలి.